కిల్‌గ్రామీ బాయిలో ఇరవై మూడు రోజులు: ఆ సమాధి రాయి మీద రాసింది నిజమేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గ్లాస్గోలో చదువుకుంటున్న మీ అమ్మాయి ఎయిర్‌షైర్ వైపు తిరగడానికి వెళ్లి, డెయిలీ అనే చిన్న ఊళ్లో చర్చి దగ్గర ఒక సమాధి రాయి చూసింది. బొగ్గు గని కూలి ఒక ముసలాయన 23 రోజులు తిండి లేకుండా లోపలే బతికాడని దాని మీద ఉంది. ఆ ఫోటో మీకు పంపింది. ఇది జరిగే పనేనా, ఆ గని ఎలాంటిది, దాని కథేమిటి అని మీ ప్రశ్న.

నిజమే. నాకు ఇందులో ఏ సందేహమూ లేదు. నేను ముప్పై నాలుగేళ్లు బాయి, అంటే బొగ్గు గని, దిగినవాణ్ణి. తట్ట పట్టుకుని బొగ్గు ఎత్తే ఫిల్లర్‌గా మొదలుపెట్టి, పరీక్షలు రాసి, పనిచోటు భద్రత చూసే సర్దార్‌నై, చివరికి సర్దార్ల పైన ఉండే ఓవర్‌మెన్‌గా రిటైరయ్యాను. స్కాట్లాండ్ పాత బాయిల గురించి చదవడం మొదలుపెట్టింది రిటైరయ్యాకే. మొదట్లో అదేదో వేరే లోకం అనుకున్నాను. చదివేకొద్దీ, ఆ చీకటీ ఆ చప్పుళ్లూ నాకు తెలిసినవే అనిపించింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

ముందు రాయి సంగతి. దాని మీద ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: కాలియర్ జాన్ బ్రౌన్ స్మృతికి. 1835 అక్టోబర్ 8న కిల్‌గ్రామీ బొగ్గు బాయిలో కొంత భాగం కూలడంతో లోపల చిక్కుకున్నాడు. అక్టోబర్ 31న ప్రాణాలతో, పూర్తి తెలివితో, కానీ బాగా నీరసించిన స్థితిలో బయటికి తీశారు. లోకంతో ఏ సంబంధమూ లేకుండా, రవ్వంత తిండి లేకుండా ఇరవై మూడు రోజులు గడిపాడు. ఆ తర్వాత మూడు రోజులు బతికి, నవంబర్ 3 సాయంత్రం ప్రశాంతంగా కన్నుమూశాడు. వయసు 66 ఏళ్లు.

కాలియర్ అంటే బొగ్గు కొట్టేవాడు. ఆ రాయి మీద అన్నిటికన్నా ముందు నా కన్ను పడేది ఆ వయసు మీదే. మా దగ్గర అరవైకి రిటైరయ్యేవాళ్లం. అప్పటికే మోకాళ్లు, నడుము, ఊపిరితిత్తులు అన్నీ లెక్క చెబుతుంటాయి. ఈయన 66 ఏళ్ల వయసులో ఇంకా లోపలికి పోతున్నాడు. పోకపోతే ఇల్లు గడవదు. బ్రిటన్‌లో ముసలివాళ్లకు ప్రభుత్వ పింఛను చట్టం వచ్చింది 1908లో, అదీ డెబ్బై దాటినవాళ్లకు. పనిలో దెబ్బ తగిలినవాడికి పరిహారం చట్టం 1897లో. 1835లో ఆ రెండూ లేవు.

ఇప్పుడు ఆ చోటు గురించి. స్కాట్లాండ్ నైరుతి మూలన గిర్వన్ అనే చిన్న నది పారుతుంది. దాని లోయలో డెయిలీ చుట్టుపక్కల ఒక చిన్న బొగ్గు క్షేత్రం ఉంది. లానార్క్‌షైర్ లాంటి పెద్ద క్షేత్రాలకు దూరంగా, ఒంటరిగా పడి ఉన్న ముక్క అది. అక్కడ బొగ్గు తీయడం చాలా పాత పని. దగ్గర్లోని క్రాస్‌రాగ్వెల్ మఠం సన్యాసులు మధ్యయుగంలోనే తవ్వించుకునేవాళ్లు. పందొమ్మిదో శతాబ్దంలో కిల్‌గ్రామీ, డల్‌క్వారన్ లాంటి పేర్లతో చిన్న చిన్న బాయిలు ఉండేవి. ఆ బొగ్గు ఓడలెక్కి దేశాలు తిరిగేది కాదు. చుట్టుపక్కల ఇళ్ల పొయ్యిల్లోకి, సున్నం బట్టీల్లోకి పోయేది. పొలాలకు సున్నం చల్లడం అప్పట్లో ఎయిర్‌షైర్ రైతులకు పెద్ద పని, సున్నం కాల్చాలంటే బొగ్గు కావాలి. ఆ లోయకు రైలు వచ్చింది 1860లో. అంటే జాన్ బ్రౌన్ కాలానికి బొగ్గు పోయేది గుర్రపు బండ్ల మీదే. గుర్రం ఎంత దూరం లాగగలదో అంతవరకే బేరం. బేరం చిన్నది కాబట్టి బాయి చిన్నది, బాయి చిన్నది కాబట్టి దాని మీద పెట్టే ఖర్చూ చిన్నదే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అదే డెయిలీ పక్కన డల్‌క్వారన్ కోట ఉంది. రాబర్ట్ ఆడమ్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ 1780ల చివర్లో కెన్నెడీ కుటుంబానికి గీసి ఇచ్చిన భవనం. ఇప్పుడు పైకప్పు లేకుండా శిథిలంగా నిలబడి ఉంది. భూమి ఎవరిదో కింద బొగ్గు కూడా వాళ్లదే అనేది ఆ రోజుల పద్ధతి. మీ అమ్మాయి మళ్లీ వెళ్తే ఆ కోటనూ ఈ రాయినీ ఒకే రోజు చూడమనండి, రెండూ కలిస్తేనే ఆ ఊరు అర్థమవుతుంది.

జాన్ బ్రౌన్ పుట్టిన సంవత్సరం లెక్క వేద్దాం. 1835లో 66 అంటే, పుట్టింది 1769 ప్రాంతంలో. స్కాట్లాండ్ బొగ్గు చరిత్ర తెలిసినవాళ్లకు ఈ సంవత్సరం గుండెలో గుచ్చుకుంటుంది. ఎందుకంటే అప్పటికి ఆ దేశంలో బొగ్గు పనివాళ్లు స్వతంత్రులు కారు. 1606లో స్కాట్లాండ్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఉప్పు కాచేవాళ్లను, బొగ్గు కొట్టేవాళ్లను, బొగ్గు మోసేవాళ్లను పాత యజమాని రాతపూర్వకంగా వదిలితే తప్ప ఇంకెవరూ పనిలో పెట్టుకోకూడదు. చెప్పకుండా పోయినవాడిని ఒక సంవత్సరం ఒక రోజులోపల పాత యజమాని అడిగితే అప్పగించి తీరాలి. అలా వెళ్లిపోయినవాడిని దొంగ కింద లెక్కగట్టారు, తన శరీరాన్ని తానే దొంగిలించుకున్నాడన్నట్టు. బాయి అమ్మితే దాంతోపాటు పనివాళ్లూ చేతులు మారేవాళ్లు. బిడ్డ పుట్టి బాప్తిస్మం ఇచ్చేటప్పుడు యజమాని తల్లిదండ్రుల చేతిలో కొంత డబ్బు పెట్టేవాడు, దాన్ని ఆర్ల్స్ అనేవాళ్లు. అది తీసుకున్నారంటే ఆ బిడ్డ కూడా ఆ బాయికి కట్టుబడినట్టే. 1701లో అన్యాయంగా జైల్లో పెట్టకుండా జనానికి రక్షణ కల్పిస్తూ ఇంకో చట్టం చేసినప్పుడు, ఇది బొగ్గు, ఉప్పు పనివాళ్లకు వర్తించదని అందులోనే రాశారు.

మనకు దీనికి వేరే మాట వెతుక్కోవలసిన పని లేదు. ఇది వెట్టి. అంతే.

1775లో మార్పు మొదలైంది, కానీ పూర్తిగా కాదు. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లు స్వతంత్రులే అన్నారు. అప్పటికే పనిలో ఉన్నవాళ్లకు మాత్రం వయసును బట్టి గడువు పెట్టారు. ఇరవై ఒకటి లోపు వాళ్లు ఏడేళ్లు, ముప్పై అయిదు లోపు వాళ్లు పదేళ్లు ఆగాలి. ఆగినంత మాత్రాన అయిపోదు, కోర్టుకు వెళ్లి తనను విడుదల చేయమని అడగాలి. చదువు రాని మనిషి, యజమాని ఇచ్చిన ఇంట్లోనే కాపురముండే మనిషి, కోర్టు మెట్లెక్కి ఏం అడుగుతాడు? చాలామంది అలాగే ఉండిపోయారు. చివరికి 1799లో షరతులు లేకుండా అందరినీ విడిచిపెట్టారు. అప్పటికి జాన్ బ్రౌన్‌కు ముప్పై ఏళ్లు. బొగ్గు పనివాళ్ల ఇళ్లలో పుట్టిన ఆ తరం పిల్లలు నాయన వెట్టివాడిగా, తాము స్వేచ్ఛగా అదే బాయి దిగినవాళ్లు. చట్టం మారినా పొద్దున్నే దిగే మెట్లు మారలేదు.

ఆడవాళ్ల సంగతి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే స్కాట్లాండ్ బాయిలు అనగానే చాలామంది వీపు మీద బొగ్గు గంపతో నిచ్చెనలెక్కే ఆడవాళ్ల బొమ్మలు చూసి ఉంటారు. అవి నిజమే, కానీ ఎక్కువగా తూర్పు వైపువి, ఎడిన్‌బరా చుట్టుపక్కలవి. గనుల్లో పిల్లల పని మీద ప్రభుత్వం జరిపించిన 1842 విచారణలో జానెట్ కమింగ్ అనే పదకొండేళ్ల పిల్ల తాను పొద్దున అయిదుకు దిగి సాయంత్రం అయిదుకు పైకి వస్తానని, మోసే బరువు సుమారు యాభై కిలోలు ఉంటుందని చెప్పింది. యాభై కిలోలు. నేను ఫిల్లర్‌గా ఉన్నప్పుడు తట్ట ఎత్తితే భుజం దిగిపోయేది, అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఆ విచారణ తర్వాతే ఆడవాళ్లను, పదేళ్లలోపు మగపిల్లలను లోపలికి దింపకూడదని చట్టం వచ్చింది. కిల్‌గ్రామీ ఉన్న పడమటి వైపు ఆడవాళ్లతో మోయించడం అప్పటికే చాలావరకు పోయింది.

ఇక అసలు పని. వాళ్లు తవ్వే పద్ధతిని అక్కడ స్టూప్ అండ్ రూమ్ అంటారు. పేరు కొత్తగా ఉన్నా పద్ధతి మన గోదావరి లోయ బాయిల్లో పనిచేసిన ఎవరికైనా తెలిసిందే. మేం బోర్డ్ అండ్ పిల్లర్ అంటాం. బొగ్గు పొరలో గల్లీలు తవ్వుకుంటూ పోతారు, మధ్యలో చదరపు స్తంభాలుగా బొగ్గును వదులుతారు. పైనున్న కొండ బరువంతా ఆ పిల్లర్ల మీద నిలబడి ఉంటుంది. స్టూప్ అంటే పిల్లరే. పిల్లర్‌కు ఎంత బొగ్గు వదలాలి అన్నదే ఈ పద్ధతిలో అసలు లెక్క. ఎక్కువ వదిలితే బొగ్గు నష్టం, తక్కువ వదిలితే ప్రాణం నష్టం. ఇప్పుడు లోతును బట్టి, గల్లీ వెడల్పును బట్టి పిల్లర్ ఎంత ఉండాలో రూల్స్‌లోనే రాసి ఉంటుంది. 1835లో అలాంటి రూల్ ఏదీ లేదు. ముందు తరాల వాళ్లు ఎక్కడ ఎంత తవ్వి వదిలారో చెప్పే మ్యాపు ఉండాలన్న నిబంధన కూడా లేదు. బాయి ప్లాను ఉంచాలి, ఇన్‌స్పెక్టర్ లోపలికి దిగి చూడాలి అన్న చట్టం 1850లో వచ్చింది. మూసేసిన బాయి ప్లానును ప్రభుత్వానికి అప్పగించాలన్న నియమం 1872లో. ఎన్నో తరాలుగా తవ్వుతూ వచ్చిన లోయలో, పక్క గోడ అవతల ఏముందో తెలియకుండా పనిచేయడం ఎంత టెన్షనో ఊహించండి.

వెలుతురుకు ఒక చిన్న నూనె దీపం.  ఆరిపోతే చేయి కూడా కనపడదు. బయట అమావాస్య చీకటి వేరు, బాయి చీకటి వేరు. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు ఒక్క నిమిషం క్యాప్‌ల్యాంపు ఆపి నిలబడమని చెప్పేవాణ్ణి. అరనిమిషానికే ఎవరో ఒకరు స్విచ్ వేసేసేవారు. జాన్ బ్రౌన్ దగ్గరున్న నూనె ఎన్ని గంటలు వచ్చి ఉంటుంది? తర్వాతి మూడు వారాలూ ఆ చీకటే.

ప్రమాదం ఎలా జరిగిందో మనకు వివరంగా అందించినవాడు ఆర్చిబాల్డ్ గీకీ. తర్వాతి కాలంలో బ్రిటన్ జియలాజికల్ సర్వేకు అధిపతి అయిన భూగర్భ శాస్త్రవేత్త. వయసులో ఉండగా సర్వే పని మీద ఆ లోయలో తిరుగుతూ అక్కడి మనుషుల నోట ఈ కథ విని రాసుకున్నాడు. ఆయన చెప్పిన ప్రకారం బాయి ఒక్కసారిగా కూలలేదు. ముందే పైకప్పు కదలడం మొదలైంది, దానికి ఆనించిన కర్రలు విరగడం మొదలైంది, చప్పుళ్లు వినిపించాయి.

ఈ చప్పుళ్ల గురించి చెప్పాలి, ఎందుకంటే ఇది అర్థం కాకపోతే తర్వాతిది అర్థం కాదు. సర్దార్ చేతిలో ఒక కర్ర ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు దాంతో రూఫ్‌ను తట్టి చూస్తాడు. రాయి గట్టిగా ఉంటే గంట కొట్టినట్టు ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే పగిలిన కుండ మీద కొట్టినట్టు బొద్దుగా పలుకుతుంది. కర్ర ప్రాపులు, అంటే రూఫ్‌కు ఆనించే ఊతకర్రలు, వేసిన చోట బరువు దిగుతుంటే ముందు సన్నగా చిటపటమంటాయి, తర్వాత నార చీలినట్టు చీలుతాయి. పాతకాలం వాళ్లు ఇనుప ప్రాపు కన్నా కర్రనే నమ్మేవాళ్లు, కర్ర చెప్పి పోతుంది అని. పిల్లర్లు బరువు ఆపలేనప్పుడు దూరంగా ఉరుములా వినిపిస్తుంది, కాళ్ల కింద నేల వణుకుతుంది, గాలి ఒక్కసారి మొహం మీద కొడుతుంది. అది విన్నవాడు ఇంక ఆలోచించడు, పరుగే.

కిల్‌గ్రామీలో వాళ్లూ పరుగెత్తారు. అందరూ బయటపడ్డారు, ఒక్కడు తప్ప. గీకీ విన్న కథ ప్రకారం జాన్ బ్రౌన్ తన కోటు కోసం వెనక్కి తిరిగాడు. ఆ కాసేపట్లో దారి మూసుకుపోయింది.

కోటు కోసమా అని మీకు అనిపించవచ్చు. నాకు అనిపించలేదు. నేను పనిచేసిన బాయిలో ఒకసారి రూఫ్ చప్పుడు చేస్తోందని నా మనుషులను వెనక్కి లాగాను. లెక్క చూసుకుంటే ఒకడు తక్కువ. పెద్దాయన, పాతికేళ్ల సర్వీసు. టిఫిన్ క్యారియర్ మరిచిపోయానని మళ్లీ లోపలికి పోయాడు. నేను కేక వేస్తే, ఇదిగో వస్తున్నా సారూ అంటూ ఆ స్టీలు గిన్నె చేతిలో పట్టుకుని తాపీగా వచ్చాడు. ఆయన ఇవతలికి వచ్చిన పది నిమిషాలకు అక్కడ రెండు టబ్బుల (బొగ్గు తోసే చిన్న బండ్ల) రాయి పడింది. తిట్టాను. పెళ్లినాటి గిన్నె సార్, మా ఆవిడ ఊరుకోదు అన్నాడు. ఆ గిన్నె మూత మీద చిన్న చొట్ట ఉండేది, ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. అలవాటైన చోట మనిషి భయపడడు. దానికి తోడు, ఒంటి మీదికి ఉన్నది ఒకటే కోటు అయితే, బయట అక్టోబర్ చలి అయితే, 66 ఏళ్ల మనిషి దాని కోసం తిరగడూ?

తర్వాత అందరూ అడిగేది, 23 రోజులు ఎందుకు పట్టింది అని. మొదటి కారణం, కూలడం ఒక్క రోజుతో ఆగలేదు. పిల్లర్లు ఒకదాని తర్వాత ఒకటి నలుగుతుంటే రాయి నిలకడకు వచ్చేదాకా లోపల కాలు పెట్టలేరు. పెడితే వెతకడానికి వెళ్లినవాళ్లూ పోతారు. రెండోది గాలి. కొట్టిన బొగ్గు గాల్లోని ఆక్సిజన్‌ను నెమ్మదిగా పీల్చుకుంటుంది. గాలి తిరగడం ఆగిపోయిన చోట మిగిలేది నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్. దాన్ని మేం బ్లాక్‌డ్యాంప్ అంటాం. దానికి వాసన లేదు, రంగు లేదు, అది మండదు, మండనివ్వదు. కిల్‌గ్రామీలో అదే పట్టుకుంది. చివరి రోజుల్లో వెళ్లినవాళ్ల దీపాలు ఆరిపోయాయి. చీకట్లో తడుముకుంటూ పోయారని గీకీ రాశాడు. వాళ్లు శవం కోసమే పోయారు. మనిషి దొరుకుతాడని అప్పటికి ఎవరికీ ఆశ లేదు.

దీపమే వెలగని చోట మనిషి ఎలా బతికాడు? ఇది మంచి ప్రశ్న. జవాబు మా ట్రైనింగ్‌లో మొదటి వారమే చెబుతారు. బయట గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. అది 16, 17 శాతానికి పడితే దీపం ఆరిపోతుంది. మనిషి మాత్రం అక్కడ ఇంకా బతికే ఉంటాడు. ఆయాసం వస్తుంది, తల బరువెక్కుతుంది, నాలుగు అడుగులు వేస్తే కూలబడతాడు. కానీ కదలకుండా పడుకున్నవాడి ఒంటికి ఆ గాలి సరిపోతుంది. 10 శాతం కిందికి పోతేనే స్పృహ పోతుంది. అంటే దీపం మనిషి కన్నా ముందే ఆరిపోతుంది, అందుకే దాన్ని కాపలాగా తీసుకెళ్లేవాళ్లు. జాన్ బ్రౌన్ మిగిలిన మూలన గాలి దీపానికి చాలనంత పాడైంది, ఊపిరికి చాలనంత పాడుకాలేదు.

తిండి లేకుండా 23 రోజులు అన్నది మనకు అంత వింత కాకూడదు. పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులు నిరాహార దీక్ష చేశారు. చిలీలో 2010లో గనిలో చిక్కుకున్న 33 మంది రెండు రోజులకు సరిపడే తిండితో 17 రోజులు గడిపాకే పైవాళ్లకు వాళ్ల ఆచూకీ తెలిసింది. తిండి లేకపోయినా మనిషి వారాలు ఉండగలడు, నీళ్లు లేకపోతే రోజుల్లో పోతాడు. పాత బాయిలో నీళ్లకు కరువుండదు. రూఫ్ నుంచి చుక్కలు పడుతూనే ఉంటాయి, కిందికి దిగేకొద్దీ మడుగులు కడతాయి. ఆ నీళ్లు ఇనుము కలిసి తుప్పు రంగులో ఉంటాయి, నాలుక మీద మేకు పెట్టుకున్నట్టుంటాయి. కడుపు తిప్పుతుంది కానీ ప్రాణం నిలుపుతాయి. ఎంత లోతు తక్కువైనా బాయి లోపల వేడి, చలి ఏడాది పొడవునా ఒకేలా ఉంటాయి. స్కాట్లాండ్‌లో అది పది డిగ్రీలకు అటూ ఇటూ. తడి బట్టలతో 66 ఏళ్ల ఒంటికి అది చిన్న చలి కాదు. తెచ్చుకోవడానికి వెళ్లిన ఆ కోటే ఆయన్ని అన్నాళ్లు నిలబెట్టిందేమో అని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ, ఊహగానే తీసుకోండి.

తడుముకుంటూ వెళ్లినవాళ్లకు ఆయన తగిలాడు, బతికే ఉన్నాడు. ఎంతసేపయిందిరా అబ్బాయిలూ మీరు రావడానికి, అనే అర్థం వచ్చే మాట అన్నాడని అక్కడ చెప్పుకుంటారు. పైకి తెచ్చాక చూస్తే ఎముకల గూడు, పెరిగిన గడ్డం, దాని మీద తెల్లటి బూజు. చాలామంది ఈ బూజు సంగతి కట్టుకథ అనుకుంటారు. కాదు. గాలి ఆడని పాత గల్లీల్లో తడి కర్రల మీద ఈ బూజు పెరగడం నేను కళ్లారా చూశాను. తెల్లగా, మెత్తగా, దూది ఏకి అతికించినట్టు ప్రాపు పై నుంచి కిందికి వేలాడుతుంటుంది. చేయి తగిలితే తడి పొగలా విడిపోతుంది. కదలకుండా మూడు వారాలు అక్కడే పడి ఉన్న మనిషిని అది కర్ర అనుకోవడంలో ఆశ్చర్యం ఏముంది? ఈ ఒక్క వివరం చాలు, గీకీకి ఈ కథ చెప్పినవాళ్లు బాయి మనుషులే అని నాకు నమ్మకం కలగడానికి.

మూడు రోజులకు ఆయన పోయాడు. వారాలపాటు పస్తున్న మనిషికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో లవణాలు తారుమారై గుండె ఆగిపోయే ప్రమాదం ఉందని వైద్యులు అర్థం చేసుకున్నది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. 1835లో పల్లెటూళ్లో ఆ మనిషి మంచం చుట్టూ చేరినవాళ్లకు పెట్టడం తప్ప ఇంకేం తెలుస్తుంది? ప్రేమతోనే పెట్టి ఉంటారు.

ఇంకొక సంగతి. అంత చీకట్లో అన్నాళ్లు ఉండి లేచి వచ్చింది జాన్ బ్రౌనేనా, ఆయన రూపంలో వచ్చిన సైతానా అని ఊళ్లో కొందరికి భయం పట్టుకుంది. చనిపోయాక డాక్టర్లు శవాన్ని పరీక్షించారని, బయటికి వచ్చిన డాక్టర్ను ఒకరు, ఆయన పాదాలు చూశారా అని అడిగారని గీకీ రాశాడు. వాళ్ల నమ్మకంలో సైతానుకు గిట్టలుంటాయి. మన వైపు దయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి అంటాం కదా, అక్కడా ఇక్కడా జనం చూసేది కాళ్లవైపే. దీన్ని మూఢనమ్మకమని తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. రోజూ భూమి కిందికి పోయే మనుషులకు, పైకి వచ్చినవాడు నిజంగా పైకి వచ్చినట్టేనా అన్న అనుమానం లోలోపల ఎప్పుడూ ఉంటుంది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, చిన్న బాయికి చిన్న ఖర్చు అని. ఈ ప్రమాదంలో నాకు అసలు విషయం అదే. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారిన బయటికి రాగలిగి ఉంటే, జాన్ బ్రౌన్ కోటు తీసుకుని ఆ సాయంత్రమే ఇంటికి పోయేవాడు. రెండో దారి తవ్వడం అంటే రాబడి లేని తవ్వకం. అలాంటి డబ్బు చిన్న యజమాని తనంతట తాను పెట్టడు. పెట్టాలని చట్టం చెప్పడానికి ఇంకా చాలా ప్రాణాలు కావలసి వచ్చాయి. 1862 జనవరిలో ఇంగ్లండ్ ఉత్తరాన హార్ట్‌లీ బాయిలో పంపింగ్ ఇంజన్ దూలం విరిగి, పైకీ కిందికీ ఉన్న ఒక్క నిలువు దారిలోనే, అంటే షాఫ్టులోనే, పడింది. 204 మంది పోయారు. ఆ ఏడాదే ప్రతి బాయికీ బయటికి రావడానికి రెండు దారులుండాలని చట్టం చేశారు. ఎల్లందులో బొగ్గు తవ్వకం మొదలైన 1889 నాటికి ఆ నియమానికి పాతికేళ్లు దాటాయి. మన దేశపు గని చట్టాలు ఆ బ్రిటిష్ చట్టాల ఒరవడిలోనే వచ్చాయి. ఈ రోజు మన భూగర్భ గని ఏది దిగినా రెండో దారి తప్పనిసరి. నేను ఓవర్‌మెన్‌గా ఉన్నన్నాళ్లూ ఆ రెండో దారిలో నడిచి చూసి రావడం నా పనుల్లో ఒకటి. ఎవరూ వాడని దారి, ఎప్పుడూ తడిగా, జారుడుగా ఉండేది. ఒక్కసారి కూడా మానలేదు.

ఆ లోయలో తర్వాత జరిగింది తొందరగా చెప్పేస్తాను. 1849లో డల్‌క్వారన్ బాయిలో నిప్పంటుకుంది. ఆ నిప్పు దాదాపు యాభై ఏళ్లు లోపల కాలుతూనే ఉంది. బొగ్గు నిప్పును ఆర్పడం ఎంత కష్టమో మన వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు, గాలి ఎక్కడో ఒక పగులులోంచి దూరుతూనే ఉంటుంది. రైలు వచ్చాక బాయిలు పెద్దవయ్యాయి, 1970ల దాకా ఆ చుట్టుపక్కల తవ్వకం సాగింది. ఇప్పుడు అంతా పచ్చిక. కిల్‌గ్రామీ పేరు బయటివాళ్లకు తెలిసేది ఈ ఒక్క సమాధి వల్లే. 1877లో 207 మందిని పొట్టనపెట్టుకున్న బ్లాంటైర్ పెద్ద బాయి కాబట్టి పుస్తకాల్లో ఉంది. ఒక్కో మనిషిని ఒక్కోసారి మింగిన వందల చిన్న బాయిలకు రాయి కూడా లేదు.

మీ అమ్మాయికి ఆసక్తి ఉంటే ఒక పని చేయమనండి. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం పాత సర్వే మ్యాపులను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. 1850లలో సర్వే చేసిన ఎయిర్‌షైర్ షీట్లలో డెయిలీ దగ్గర పాత బొగ్గు బాయిల గుర్తులు చూడొచ్చు. వాటిని ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూసే సౌకర్యం కూడా ఆ సైట్‌లోనే ఉంది. గడ్డి మధ్య గుండ్రంగా దిగిపోయినట్టు పల్లం కనిపిస్తే అది చాలాసార్లు పూడిన షాఫ్టే. దూరం నుంచే చూడమనండి, దాని మీద మాత్రం కాలు పెట్టవద్దని గట్టిగా చెప్పండి. పైన మట్టి ఉంటుంది, కింద ఏముంటుందో ఎవరూ చెప్పలేరు.

ఇంకోసారి వెళ్తే ఆ రాయి దగ్గర నా తరఫున కూడా ఒక నిమిషం నిలబడమనండి.